కవిత్వానికి 18 గెజిటెడ్ సంతకాలు

అమెరికా కవిత్వ వికాసం మీద ఈమధ్య ఒక సదస్సుకు వెళ్లాను. గంటంపావు ప్రసంగం. గంటా పది నిమిషాలు విట్మన్, డికిన్సన్, ఫ్రాస్ట్. భోజనాలయ్యాక కిళ్లీలా చివరి ఐదు నిమిషాల్లో వైవిధ్యం వచ్చింది. "అమెరికా కవిత్వానికి తండ్రి విట్మన్. నల్లజాతి కవులు తర్వాత వచ్చి చేరారు" అని వక్తగారు సెలవిచ్చారు.

తర్వాతట! నల్లజాతి బానిస పిల్ల ఫిలిస్ వీట్లీ కవితల పుస్తకం అచ్చయింది 1773లో. ఆమె పోయింది 1784లో. తండ్రిగారు పుట్టింది 1819లో. బిడ్డ పోయిన 35 ఏళ్లకు పుట్టిన తండ్రి మన పురాణాల్లో కూడా లేడు.

పాపం, వక్తగారిని అనడానికి లేదు. బానిస పిల్ల కవిత్వం రాయడమేమిటని అప్పుడే అనుమానం పుట్టింది. అందుకని బోస్టన్ పెద్దమనుషులు 18 మంది, ఇవి ఈమె రాసినవేనని నమ్ముతున్నాం అంటూ సంతకాలు చేశారు. ఆ పత్రం పుస్తకం మొదట్లోనే అచ్చయింది. గవర్నరు, లెఫ్టినెంట్ గవర్నరు, పాదిరీలు, వ్యాపారి జాన్ హాన్‌కాక్. మన దగ్గర కుల ధ్రువీకరణ పత్రానికి కూడా ఇంతమంది పట్టరు.

ఆ పరీక్ష ఎలా జరిగి ఉంటుందా అని నాకు తెగ ఊహలు. 18 విగ్గులు వరసగా కూర్చున్నాయి. ఒకాయన వేళ్లు మడిచి ఛందస్సు లెక్కపెడుతున్నాడు, పదకొండో వేలు దొరక్క ఆగిపోయాడు. ఒకాయన లాటిన్‌లో ప్రశ్న వేసి, జవాబు తనకూ తెలియక పక్కాయన్ని గిల్లాడు. ఇంకొకాయన కునికిపాట్ల మధ్యే సంతకం గీకేశాడు. "జిరాక్స్ రెండు కాపీలు తెచ్చావా అమ్మాయ్" అనడం ఒక్కటే తక్కువ. ఇంతా చేసి పుస్తకం అచ్చయింది లండన్‌లో. మూడేళ్లకు ఇదే హాన్‌కాక్, మనుషులంతా సమానమన్న అమెరికా స్వాతంత్ర్య ప్రకటన కింద అందరికన్నా పెద్ద సంతకం పెట్టాడు. ఆయన చెయ్యి తిరిగిన మనిషి.

ఇక నాకు నవ్వు రావడం లేదు. 1761లో బోస్టన్‌లో ఓడ దిగినప్పుడు ఆ పిల్లకు ఏడెనిమిదేళ్లు. పాలపళ్లు ఊడుతున్నాయి కాబట్టి వయసు అంత ఉంటుందనుకున్నారు. ఓడ పేరు ఫిలిస్. అదే ఆమెకూ పెట్టారు. కన్నతల్లి పిలిచిన పేరేమిటో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. రెండో పుస్తకానికి చందాదారులు రాలేదు, ఆ రాతప్రతి పోయింది. వచ్చి చేరారా? ఎవరు వచ్చారయ్యా? గొలుసులతో పట్టుకొచ్చి అమ్మితే దాన్ని రావడం అంటారా?

సదస్సు అయ్యాక అందరికీ పాల్గొన్నట్టు సర్టిఫికెట్లు ఇచ్చారు. విట్మన్ నడిచినంతసేపూ నేను వెనక వరసలో నిద్రపోయాను. నాకు రెండు సంతకాలతో పనైపోయింది.