56 రంగుల తెల్ల కాగితం

మా వదినది మ్యాచింగ్ సెంటర్. ఫోన్లో ఎవరో ఉల్లిపొర రంగు జాకెట్టు ముక్క కావాలంటారు, ఈవిడ చింపి పంపింది వాళ్ళ కళ్ళకి గులాబీలా కనిపిస్తుంది, ఇక గొడవ. "కంప్యూటర్ ముందు కూర్చునే ఉంటావుగా మరిదీ, నంబర్లేసి రంగుల చార్టొకటి చేసిపెట్టకూడదూ?" అంది.

ఎక్సెల్‌లో కలర్ ఇండెక్స్ అని 1 నుంచి 56 దాకా రంగులకి నంబర్లుంటాయి. మాక్రోలో (ఎక్సెల్‌ చేత పని చేయించే బుల్లి ప్రోగ్రామన్నమాట) ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేసే ఓ ఐదు లైన్ల లూప్ రాస్తే గడికో రంగు అదే పూసుకుంటూ పోతుంది. రాశాను, పూసింది. పక్కన పేర్లు మాత్రం నేనే కూర్చుని కొట్టాను: 18 వంకాయ, 43 చిలకపచ్చ, 46 కనకాంబరం. 6, 27 రెండూ ఒకటే పసుపు (ఇలాంటి కవలలు అందులో పది జతలున్నాయి, ఏ మహానుభావుడు పెట్టాడో), వదినకి దొరక్కుండా రెండోదానికి నిమ్మపండు అని పేరు పెట్టేశాను.

జిరాక్స్ షాపు. కలర్ ప్రింటు పది రూపాయలు. ఇరవై తీయమన్నాను.

మిషను ఇరవై కాగితాలూ కక్కేసింది. కుర్రాడు వాటిని నీట్‌గా సర్ది నా చేతిలో పెట్టాడు. చూస్తే 56 గళ్ళు, 56 పేర్లు, ఒక్క రంగూ లేదు. వంకాయ అని ఉంది, తెలుపు. చిలకపచ్చ, తెలుపు. నలుపు, అదీ తెలుపే. నా వెనక ఆధార్ జిరాక్సు కోసం నిలబడ్డ పెద్దాయన భుజం మీద నుంచి వంగి కనకాంబరం దాకా చదివి, నా మొహం వంక చూసి, మళ్ళీ కాగితం వంక చూసి, "కళ్ళ పరీక్షకా బాబూ?" అన్నారు. మొత్తం చార్టులో 2వ నంబరు ఒక్కటే కరెక్టుగా వచ్చింది, అది తెలుపు కాబట్టి.

"ప్రివ్యూలో కూడా తెల్లగానే ఉంది అంకుల్, మీకలాగే కావాలేమో అనుకున్నా" అన్నాడు వాడు. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. తెల్ల గళ్ళ కోసం ఎవడైనా కలర్ ప్రింటు రేటు ఇస్తాడా? వాడైతే తీసుకున్నాడు, రెండొందలు.

ఇంటికొచ్చి చూస్తే తెలిసింది. నేను మాక్రో నడిపింది అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు లెక్కల పాత ఫైల్లో. ఇంకు మిగులుతుందని అప్పుడెప్పుడో పేజ్ సెటప్‌లో బ్లాక్ అండ్ వైట్ దగ్గర టిక్కు పెట్టిన పొదుపరి నేనే. ఆ టిక్కుంటే గడిలో పూసిన రంగు బూడిద రంగులో కూడా రాదట, మొత్తం ఎగిరిపోతుందట. మరి దానికి బ్లాక్ అండ్ వైట్ అని పేరెందుకు, ఉత్త వైట్ అని పెట్టి చావొచ్చుగా!

వదినకి చెప్పడానికి మొహం చెల్లక కాగితాలు కౌంటర్ మీద పడేసి వచ్చాను. సాయంత్రానికల్లా ఆవిడ ఆ తెల్ల గళ్ళలో అసలు గుడ్డముక్కలే పెట్టి స్టేప్లర్ కొట్టేసి గోడకి తగిలించేసింది. నిమ్మపండు గడిలో నిజంగానే నిమ్మపండు రంగు ముక్క ఉంది. మిగిలిన పంతొమ్మిది కాగితాల వెనక బిల్లులు రాస్తోంది. నా రెండొందల ఊసు మాత్రం ఇంతవరకూ ఎత్తలేదు.