నా బండి తీగలు కోసినవాడు ఒక్క కాగితం రాసి ఇవ్వలేడా?

రాత్రి రెండు గంటల పది నిమిషాలకు మా కారు దొంగల అలారం సైరన్ మోగింది. ఈ వారంలో ఇది మూడో రాత్రి. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా వీధి ఎంత ఇరుకో చూసినవాళ్లకు తెలుసు, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి ఇళ్లు. వెనక ఇంట్లో నెల నిండని పసికందు ఉంది. పై వాటాలో పిల్లవాడికి పొద్దున పరీక్ష. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి రిమోట్ నొక్కాను. ఆగింది. పన్నెండు నిమిషాలకు మళ్లీ మోగింది. మళ్లీ నొక్కాను, మళ్లీ మోగింది. ఇక లాభం లేదని బానెట్ ఎత్తి బ్యాటరీ తీగ ఊడదీశాను. అంతే, అంతకుముందు కంటే గట్టిగా అరవడం మొదలుపెట్టింది!

ఎందుకో తెలుసా? ఆ సైరన్ లోపల సొంతంగా ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. దొంగ తీగ కోసినా మోగుతూనే ఉండాలని అలా పెడతారు. దాన్ని ఆపాలంటే సైరన్‌కు ఉన్న రంధ్రంలో చిన్న తాళం చెవి పెట్టి తిప్పాలి. ఆ తాళం చెవి నాకు ఇవ్వలేదు. అలాంటిది ఒకటుందని ఆరేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. దుప్పటి చుట్టి, దాని మీద గోనె సంచి కప్పి, అది అలిసిపోయేదాకా చీకట్లో పక్కనే నిలబడ్డాను. వీధిలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పసిబిడ్డ తల్లి కిటికీలోంచి చూసి మెల్లగా తలుపు వేసుకుంది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

తెల్లారగానే ఆటో ఎక్కి, ఆ అలారం బిగించిన కొట్టుకు వెళ్లాను. అతని మొదటి మాట: "పాత బండి కదమ్మా, అమ్మేయండి." రెండో మాట: "ఇంట్లో మగవాళ్లు ఎవరైనా ఉంటే పంపండి, వాళ్లకైతే అర్థమయ్యేలా చెబుతాను."

ఇరవై ఏళ్లుగా నేను పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఓమ్ నియమం నా దగ్గర నేర్చుకున్న పిల్లలు ఇవాళ ఇంజనీర్లు. నా బండిలో విద్యుత్తు ఎటు పోతోందో నాకు చెప్పడానికి మగమనిషి మధ్యవర్తిగా రావాలా? ఒక్క మాట కూడా అనకుండా ఇంటికి వచ్చి, ట్యూషన్ పిల్లలకు చూపించే మల్టీమీటర్ తీసుకుని బండి దగ్గర కూర్చున్నాను.

ముందు ఆ "పాత బండి" మాట సంగతి తేల్చాలి. అది మా నాన్నగారు రిటైరైన డబ్బుతో 2006లో కొన్న మారుతి 800. ఆ బండికి కంపెనీ వేసిన తీగల్లో ఇన్నేళ్లలో ఒక్క లోపం రాలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఊళ్లో రేకులు ఎగిరిపోయినప్పుడు కూడా మర్నాడు ఒక్క తాళానికే స్టార్ట్ అయింది. ఆ మరుసటి ఏడు ఎవరో అద్దం దించి స్టీరియో ఎత్తుకుపోతే, మా తమ్ముడు ముచ్చటపడి అలారం పెట్టించాడు. ఆ రోజు నుంచే జబ్బులన్నీ. కాబట్టి ముసలితనం బండిది కాదు. డ్యాష్‌బోర్డు కింద చేయి పెట్టినవాడి పని చేతకానిది. మన దగ్గర ఏది పాడైనా ముందు వస్తువు వయసు అడుగుతారు. మనిషికి జబ్బు చేసినా అంతే. మా అమ్మకు మోకాలు నొప్పి అంటే "వయసైపోయింది కదమ్మా" అని పంపించేశారు ఒకచోట. వయసైతే చూడనక్కర్లేదా?

సరే, బండి. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మధ్యలో మీటర్ పెట్టాను. తలుపులన్నీ వేసి, తాళం చెవి తీసేసి, అరగంట ఆగి చూశాను. నిలబడి ఉన్న బండి 50 మిల్లీ ఆంపియర్ల లోపే తీసుకోవాలి. మాది 310 చూపించింది. అలారం ఫ్యూజు పీకాను, 18కి పడిపోయింది. అంటే మిగతాదంతా ఆ అలారం పెట్టే తాగుతోంది. లెక్క చాలా సులువు: రోజుకు ఏడు ఆంపియర్ అవర్లకు పైనే పోతోంది, నా బ్యాటరీలో పట్టేదే మొత్తం 35. మూడు రోజులు కదలకుండా ఉంటే నాలుగో రోజు సెల్ఫ్, అంటే ఇంజన్‌ను స్టార్ట్ చేసే మోటారు, తిరగదు. ఈ లెక్క తొమ్మిదో తరగతి పిల్లవాడు చేస్తాడు. ఆ కొట్టతను ఎన్నడూ చేయలేదు. రెండేళ్లలో రెండు కొత్త బ్యాటరీలు అమ్మాడు నాకు. పాత వాటిని ఇప్పుడు తలుచుకుంటే కడుపు మండుతోంది, బహుశా రెండూ బాగానే ఉండి ఉంటాయి.

తరవాత తలుపుల స్విచ్‌లు. తలుపు పక్కన స్తంభంలో నొక్కుడు పుల్ల ఉంటుంది చూడండి, అదే. తలుపు వేస్తే పుల్ల లోపలికి వెళ్లి కనెక్షన్ విడిపోతుంది. తలుపు తీస్తే తీగకు బాడీ ఎర్త్ తగిలి లోపలి దీపం వెలుగుతుంది. అలారం కూడా అదే తీగను చూసి తలుపు తెరిచారో లేదో తెలుసుకుంటుంది. ఒక్కొక్క స్క్రూ విప్పి, తీగ స్తంభంలోకి జారిపోకుండా దారం కట్టి, ఒక్కొక్క స్విచ్ బయటికి తీశాను. మూడూ బాగున్నాయి. వెనక ఎడమ తలుపుది తీశాను. పైన ఉండాల్సిన రబ్బరు టోపీ చిరిగి చీలికలైపోయింది. లోపల రాగి మీద మైలుతుత్తం రంగులో బూజులాంటి పొర, వేలితో గీస్తే పొడిపొడిగా రాలింది. పుల్లను పూర్తిగా నొక్కి పట్టుకున్నా మీటర్‌లో నాలుగు కిలో ఓములు. అక్కడ కనెక్షన్ పూర్తిగా తెగిపోవాలి, ఏ అంకే రాకూడదు!

ఇప్పుడు తెలిసిందా రాత్రి రెండింటికే ఎందుకు మోగుతుందో? మంచు దిగి ఆ పొర తడిస్తే కరెంటు ఎర్త్‌కు జారుతుంది, అలారం తలుపు తెరుచుకుందనుకుంటుంది. పగలు ఎండకు ఆరిపోతుంది. అందుకే ఎప్పుడు కొట్టుకు తీసుకెళ్లినా "ఏమీ లేదమ్మా, అంతా బాగానే ఉంది" అన్నాడు. రాత్రి నా ఇంటి ముందు ఏం జరుగుతుందో ఒక్కసారి అడిగి ఉంటే చాలు. కొత్త స్విచ్‌కు నూట ఇరవై రూపాయలైంది. బిగించడానికి పది నిమిషాలు.

ఇదంతా ఒక ఎత్తు, డ్యాష్‌బోర్డు కింద చూసింది ఒక ఎత్తు. దొంగ స్టార్ట్ చేయకుండా సెల్ఫ్‌కు వెళ్లే తీగను మధ్యలో కోసి, అలారం రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, గుండా తిప్పుతారు. ఆ తీగను కోసి, చేత్తో మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి వదిలేశాడు. సోల్డరింగ్ లేదు, తొడుగు లేదు. ఆరేళ్ల ఎండలకు టేపు జిగురు కరిగి వేళ్లకు అంటుకుంటోంది. లోపల రాగి పోగులు నల్లబడి, లాగితే విడిపోయాయి. ఆ ముడి నా అరచేతిలోకి వచ్చినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎందుకంటే పోయిన ఏడాది అమ్మను విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పలాసలో రైలు. అమ్మను నెమ్మదిగా నడిపించి ముందు సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. దీపాలన్నీ వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, సెల్ఫ్ మాత్రం టక్‌మని కూడా అనలేదు. దీపాలు అంత నిండుగా వెలుగుతుంటే లోపం బ్యాటరీలో ఉండదని ఆ కంగారులో నాకూ తట్టలేదు. అతనికి ఫోన్ చేస్తే "బ్యాటరీ పోయింది" అన్నాడు. రైలు పోయింది. డాక్టర్ ఇచ్చిన తేదీ పోయింది. మళ్లీ తేదీ దొరకడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలు అమ్మ నొప్పిని పళ్ల బిగువున భరించింది. రెండంగుళాల తీగ ముడి వల్ల!

వారంటీ అడగలేదా అంటారు. అడిగాను. పెట్టె కొన్నది ఆంధ్రా వైపు కొట్టులో. వాళ్లేమో "బిగించింది ఒడిశాలో కదా, మాకు సంబంధం లేదు" అన్నారు. ఇక్కడివాళ్లు "బిల్లు ఆంధ్రాది, మేమేం చేయం" అన్నారు. ఆంధ్రాలోని పాతపట్నం ఎంత దూరమని? మా ఊరి పక్కనే. మహేంద్రతనయ నది నీళ్లు అటువాళ్లూ ఇటువాళ్లూ తాగుతారు. కానీ నా బండి నంబరు ప్లేటు మీద ఓఆర్ అక్షరాలు కనబడగానే అటువైపు "ఒడిశా బండి పక్కకు పెట్టండి" అంటారు. ఇటువైపు నోరు విప్పగానే "తెలుగువాళ్లా" అంటారు. 2012 నుంచి కొత్త బండ్లకు ఓడీ వచ్చింది, మాలాంటివాళ్ల బండ్లకు ఓఆర్ మిగిలింది. మనం మాత్రం అప్పుడూ ఇప్పుడూ సరిహద్దు గీత మీదే నిలబడ్డాం. మందుల బిల్లు, గ్యాస్ కనెక్షన్, పిల్లల సర్టిఫికెట్లు, దేనికి వెళ్లినా ఇదే మాట వినని ఇల్లు మా వీధిలో లేదు.

పెట్టెతో పాటు వచ్చిన కాగితం చూశాను. చీమతలకాయంత అక్షరాలు, అంతా ఇంగ్లీషు, ఏ రంగు తీగ ఎక్కడికో ఒక బొమ్మ కూడా సరిగా లేదు. ఇది గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. కొండల మీది సవర గిరిజనుల మాట వాళ్ల దగ్గరే నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని వాచకాలు రాసిన మనిషి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, డెబ్బై దాటిన వయసులో ఇల్లూ వాకిలీ వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి ఉపన్యాసాలు ఇస్తాం. ఆయన ఊళ్లో డబ్బు తీసుకుని యంత్రం బిగించినవాడు, తెలుగులోనో ఒడియాలోనో నాలుగు ముక్కలు రాసి చేతికివ్వడా? ఏ తీగ కోశాను, దేనికి కలిపాను, ఫ్యూజు ఎక్కడ పెట్టాను, సైరన్ తాళం చెవి ఇదిగో. నాలుగే ముక్కలు. దర్జీ కూడా కొలతలు రాసిపెట్టుకుంటాడు.

నేను రాశాను. సాయంత్రం ఆ ముడి కోసేసి, సోల్డర్ చేసి, తొడుగు వేశాను. తీగల రంగులన్నీ తెలుగులో రాసి, బొమ్మ గీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి డ్యాష్‌బోర్డు అరలో అంటించాను. అలారం ఫ్యూజు మాత్రం పీకే ఉంచాను. ఆ పసిబిడ్డ ఈ రాత్రయినా నిద్రపోవాలి.

రేపు పది గంటలకు కొట్టు తెరవగానే వెళ్తున్నాను. ఆ సైరన్ తాళం చెవి చేతికిచ్చేదాకా మెట్టు దిగను.