సున్నా నుంచి వందే కొలత అయితే 911 ఆర్‌ను ఎవరూ కొనకూడదు

స్పోర్ట్స్ కార్ల మీద ఒక పట్టిక ఈ మధ్య ఫోన్ నుంచి ఫోన్‌కి తెగ తిరుగుతోంది. ఎడమవైపు కార్వెట్, నిస్సాన్ జీటీ-ఆర్, టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్. కుడివైపు పోర్షా, ఫెరారీ, మెక్‌లారెన్. హార్స్‌పవర్ ఎంత, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు, ధర ఎంత అని మూడు వరసలు. కింద తీర్పు కూడా వాళ్లే రాసేశారు. వేగం ఒకటే అయినప్పుడు ఎక్కువ పెట్టిన ప్రతి డాలరూ లోగోకి కట్టిన పన్ను అట. తక్కువ కార్లు తయారుచేస్తే ధర దానంతటదే పెరుగుతుంది, అందులో కారు గొప్పేమీ లేదట. డ్రైవింగ్ ఫీల్ అన్నది భ్రమ, పందెంలో ఓడిన కార్ల వాళ్లు చెప్పుకునే సాకు అట. ఇంకా అనుమానముంటే జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ మీద ల్యాప్ టైమ్ (ఒక చుట్టుకి పట్టిన సమయం) చూసుకోమంటున్నారు, అక్కడ అన్నీ తేలిపోతాయట.

ఇందులో కొంత నిజముంది కాబట్టే ఇంతగా పాకింది. కార్వెట్ నిజంగానే డబ్బుకు మించిన కారు. 2020 మోడల్‌గా వచ్చిన మిడ్ ఇంజిన్ (సీట్ల వెనక, కారు మధ్యలో ఇంజిన్ ఉండే) కార్వెట్ ధర 60 వేల డాలర్లకు కాస్త లోపే మొదలైంది. ఆ తర్వాత వచ్చిన దాని పదునైన రకం జెడ్06లో టర్బో లేని 5.5 లీటర్ల వీ8, 670 హార్స్‌పవర్, 8,600 ఆర్‌పీఎం దాకా పాడే ఇంజిన్. లక్ష డాలర్ల పైచిలుకుకి అలాంటి ఇంజిన్ ఇంకెవరూ ఇవ్వలేదు. దాన్ని ప్లాస్టిక్ కారని వెక్కిరించేవాళ్ల పక్షాన నేను మాట్లాడటం లేదు. నా పేచీ ఆ కారుతో కాదు, దాన్ని అడ్డుపెట్టుకుని చెప్పిన తీర్పులతో.

ముందు సెకన్ల సంగతి చూద్దాం. ప్లెయిడ్‌కి వేసిన 1.99 సెకన్లు సున్నా నుంచి వంద కిలోమీటర్లకు కాదు, 60 మైళ్లకు. అంటే గంటకు 96.5 కిలోమీటర్లు. పైగా అది అమెరికా డ్రాగ్ స్ట్రిప్ (తిన్నటి పందెం దారి) పద్ధతిలో కొలిచిన అంకె. కారు మొదటి అడుగు దూరం కదిలాకే గడియారం నడవడం మొదలవుతుంది. వినడానికి అడుగే, కానీ నిలబడి ఉన్న కారు ఆ అడుగు దాటడానికి సెకనులో పావు వంతు దాకా తినేస్తుంది. పక్క వరసలో ఉన్న యూరప్ కార్ల అంకెలు ఎక్కువగా పూర్తి సున్నా నుంచి వంద కిలోమీటర్ల దాకా తీసుకున్నవి. రెండు వేర్వేరు కొలతల్ని ఒకే వరసలో పెట్టి, పదో వంతు సెకను తేడాకి విజేతను ప్రకటిస్తే ఏం తేలుతుంది?

సరే, కొలతలు సరిచేశామనే అనుకుందాం. ఆ అంకె ఎలా వస్తుందో ఒకసారి దగ్గర్నుంచి చూడండి. ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పూర్తిగా. ఇంజిన్ ఆర్‌పీఎంని కంప్యూటర్ ఒకచోట పట్టి ఉంచుతుంది. బ్రేకు వదలగానే తల సీటుకి కొట్టుకుంటుంది. ఆ తర్వాత టైర్లు ఎంత జారాలి, గేరు ఎప్పుడు మారాలి అన్నీ అదే చూసుకుంటుంది. డ్రైవర్ చేసిన పనల్లా ఎడమ కాలు తీయడం. మొదటిసారి గుండె ఝల్లుమంటుంది, ఆ మాట కాదనను. కానీ అది కారుకి ఉన్న వంద గుణాల్లో ఒకటి. రోజువారీ రోడ్డు మీద ఎంతమంది ఎన్నిసార్లు వాడతారో వాళ్లకే తెలియాలి.

ఇక్కడే పోర్షా 911 ఆర్ అనే కారు ఈ పట్టికను మొత్తంగా ఇరకాటంలో పెడుతుంది. 2016లో వచ్చింది. అప్పటి 911ల్లోనే రేసు కారుకి దగ్గరగా ఉండే జీటీ3 ఆర్‌ఎస్‌లోని 4 లీటర్ల, 500 హార్స్‌పవర్ ఇంజిన్నే తీసి ఇందులో పెట్టారు. వెనక పెద్ద రెక్క లేదు. ఆర్‌ఎస్‌లో ఉన్న ఆటోమేటిక్ పీడీకే గేర్‌బాక్స్ బదులు ఆరు గేర్ల మాన్యువల్. ఆర్‌ఎస్ సున్నా నుంచి వందకి 3.3 సెకన్లు తీసుకుంటే ఆర్‌కి 3.8 పడుతుంది. అర సెకను వెనక, అయినా అమెరికాలో ఆర్‌ఎస్ కన్నా 9 వేల డాలర్లు ఎక్కువ. పట్టిక లెక్కన ఇది పనికిరాని బేరం. లోగో పన్ను అందామంటే రెండింటి మీదా ఉన్నది ఒకటే లోగో. అయినా జనం కొత్త ధరకి ఎన్నో రెట్లు ఇస్తామని ఎగబడ్డారు.

అప్పుడు పట్టిక వాళ్ల రెండో వాదన వస్తుంది: చేసినవి 991 కార్లే కదా, అందుకే ఆ ధర అని. 2017లో ఏం జరిగిందో చూడండి. పోర్షా మామూలు జీటీ3కి కూడా మాన్యువల్ గేర్‌బాక్స్ తెచ్చింది, ఆ తర్వాత రెక్క తీసేసిన టూరింగ్ ప్యాకేజ్ కూడా వచ్చింది. అంతే, ఆకాశంలో ఉన్న 911 ఆర్ ధరలు దిగడం మొదలుపెట్టాయి. ఆర్ కార్లేమీ పెరగలేదు, 991 అలాగే 991. మరి ధర ఎందుకు దిగింది? జనం కొన్నది సంఖ్యను కాదు కాబట్టి. ఎత్తుగా అరిచే ఇంజిన్, చేత్తో మార్చుకునే గేరు, ఆ రెండూ కలిసిన అనుభవాన్ని కొన్నారు. దాదాపు అదే అనుభవం ఇంకో తలుపులోంచి దొరికేసరికి పోటీ తగ్గింది. పట్టిక వాళ్లు లేదన్న ఫీల్‌కి మార్కెట్టే వెల కట్టి, తర్వాత సవరించిన ఉదాహరణ ఇది. సరుకు తక్కువైతే ధర పెరగడం అబద్ధం కాదు. అయితే అంతకు ముందు దాన్ని కోరుకునేవాళ్లు ఉండాలి.

కోరుకునేవాళ్లు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి జాగ్వార్ ఎక్స్‌జే220ని మించిన కారు లేదు. 1988లో ప్రదర్శనలో చూపించినప్పుడు వీ12 ఇంజిన్, నాలుగు చక్రాలకూ శక్తి అన్నారు. 50 వేల పౌండ్ల అడ్వాన్సులు కట్టించుకున్నారు. చేతికి వచ్చేసరికి ట్విన్ టర్బో వీ6, శక్తి వెనక చక్రాలకే. మధ్యలో ఆర్థిక మాంద్యం కూడా వచ్చింది. కొందరు మాకీ కారు వద్దంటే వద్దని కోర్టు దాకా వెళ్లారు. చివరికి తయారైనవి 300 లోపే. ఫెరారీ ఎఫ్40 కథ దీనికి తలకిందులు. మొదట 400 చేద్దామనుకుని, గిరాకీ చూసి 1,300 దాటించారు. అంటే జాగ్వార్ కన్నా నాలుగింతల పైనే. గరిష్ఠ వేగంలోనూ జాగ్వార్‌దే పైచేయి, దాదాపు 342 కిలోమీటర్లు. ఎఫ్40ది 324. పట్టిక ప్రకారం, సంఖ్య ప్రకారం కూడా జాగ్వారే ఖరీదు కావాలి. వేలంలో మాత్రం ఎఫ్40 దానికి కొన్ని రెట్లు పలుకుతుంది. ఇందులో లోగో పాత్ర లేదని నేను అనను. ఎంజో ఫెరారీ బతికుండగా వచ్చిన చివరి కారు అన్న పేరు ఎఫ్40కి ఉంది. కానీ ఏసీ తప్ప సుఖమేమీ లేని, లోపలి తలుపు తీయడానికి తాడు లాగాల్సిన కారు మీద ముప్పై ఏళ్ల తర్వాత కూడా మోజు తీరలేదంటే, అది ఒక్క లోగో వల్ల అయ్యే పని కాదు.

సంఖ్యను కుదించి విలువ పుట్టిద్దామన్న ప్రయత్నం ఈ మధ్య మెక్‌లారెన్ కూడా చేసింది. ఎల్వా అనే ముందు అద్దం లేని కారు 399 చేస్తామని ప్రకటించి, 249కి దిగి, ఆఖరికి 149 దగ్గర ఆగారు. కొనేవాళ్లు దొరక్క తగ్గిన సంఖ్యని అరుదైనదని చెప్పుకోవడంలో కాస్త వేడుక ఉంది.

లోగో పన్ను సిద్ధాంతం మెక్‌లారెన్ దగ్గరే ఇంకోలా కూడా కూలిపోతుంది. రేసింగ్ చరిత్ర, పేరు, అన్నీ ఉన్న కంపెనీ. అయినా 12సీ అనే కారు మొదలుకొని దాని మామూలు మోడళ్లు రీసేల్‌లో గట్టిగానే పడిపోయాయి. లోగోకే డబ్బు పుట్టేట్టయితే అలా జరగకూడదు. అదే కంపెనీ 1990ల్లో 106 మాత్రమే చేసిన ఎఫ్1 అనే కారు ఒకటి 2021లో వేలంలో 2 కోట్ల 4 లక్షల డాలర్లు దాటింది. మరోవైపు టయోటా వాళ్ల లెక్సస్ బ్రాండులో వచ్చిన ఎల్‌ఎఫ్‌ఏ. స్పోర్ట్స్ కార్ల లోకంలో లెక్సస్ లోగోకి ఎవరూ పన్ను కట్టరు కదా. 3 లక్షల 75 వేల డాలర్ల ధర, అందులో పావు వంతు ధరకే దొరికే జీటీ-ఆర్ కన్నా నెమ్మది. అప్పుడు కూడా ఇదే పట్టిక వేసి నవ్వారు. 500 కార్లలో కొన్ని ఏళ్ల తరబడి డీలర్ల దగ్గరే ఉండిపోయాయి. ఈ రోజు అది కొత్త ధరకి రెట్టింపు దాటింది. పట్టికలో దాని వరస ఒక్క అంకె కూడా మారలేదు.

అసలు విలువ అంటే షోరూమ్ ధరేనా? కొన్నదాంట్లోంచి అమ్మినది తీసేస్తే ఎంత పోయింది, మధ్యలో టైర్లకి, బ్రేకులకి, ఇన్సూరెన్స్‌కి ఎంత అయింది, అదీ లెక్క. మోడల్ ఎస్ ప్లెయిడ్ ధర 2023 జనవరి దాకా 1,35,990 డాలర్లు. ఆ నెలలోనే 1,14,990 చేశారు. సెప్టెంబరుకల్లా 89,990 అయింది. అంతకు ముందు ఏడాది కొన్నవాడి కారు రాత్రికి రాత్రి ఎంతకి దిగి ఉంటుందో వేరే చెప్పాలా? హార్స్‌పవర్‌కి ఇన్ని డాలర్లు అనే లెక్కలో ఇదేదీ కనిపించదు. అట్లాగని ఖరీదైనదే లాభమని కూడా కాదు. పార్కింగ్‌లో దుప్పటి కప్పి ఉంచి, కిలోమీటరు తిరిగితే ధర తగ్గుతుందేమోనని టెన్షన్ పడే లిమిటెడ్ ఎడిషన్ ఓనర్ కన్నా, కార్వెట్‌ని హాయిగా అరిగేదాకా నడిపేవాడికే ఎక్కువ గిట్టుబాటు. ఈ ఒక్క చోట పట్టిక వాళ్లూ నేనూ ఒకే పక్షం.

ఇక ఫీల్ భ్రమ అన్న మాట. ఇది వినడానికి తెలివిగా ఉంటుంది, తీరా చూస్తే భౌతిక శాస్త్రానికే విరుద్ధం. మలుపులో ముందు టైరు రోడ్డుని పట్టుకున్నప్పుడు, ఆ పట్టు టైరు మధ్య భాగానికి కాస్త వెనక పనిచేస్తుంది. అందువల్లే స్టీరింగ్ తిరిగి నిటారు కావాలని చేతిని లాగుతూ ఉంటుంది. టైరు తన హద్దుకి దగ్గరవుతున్న కొద్దీ ఆ బిందువు ముందుకి జరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. అంటే టైరు పూర్తిగా జారకముందే స్టీరింగ్ చేతిలో తేలికవుతుంది. కారు ఇచ్చే మొదటి హెచ్చరిక అదే. న్యూటన్ మీటర్లలో కొలవచ్చు, కొలుస్తున్నారు కూడా. మధ్యలో ఉన్న మోటారు, గేర్లు, రబ్బరు బుష్‌లు ఆ మార్పుని ఎంత మింగేస్తాయన్నదే కారుకీ కారుకీ తేడా. పవర్ స్టీరింగే లేని లోటస్ ఎలీజ్‌లో చేతికి అందే సమాచారం రెండు టన్నుల ప్లెయిడ్‌లో అందదంటే అది కవిత్వం కాదు.

యాక్సిలరేటర్ కూడా అంతే. ఎల్‌ఎఫ్‌ఏ వీ10 ఐడిల్ నుంచి 9,000 ఆర్‌పీఎంకి 0.6 సెకన్లలో ఎక్కుతుంది. మామూలు ముల్లు దాని వెంట పరిగెత్తలేదని డిజిటల్ మీటరు పెట్టారు. కాలి వేలు కదిలినంతసేపట్లో ఇంజిన్ జవాబు చెప్పడం ఒక గుణం. సున్నా నుంచి వంద అంకెలో దానికి చోటు లేదు. పోర్షా కరెరా జీటీ క్లచ్ గురించి తెలిసినవాళ్లు చెప్పే సలహా ఇంకో ఉదాహరణ: బయల్దేరేటప్పుడు యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ మాత్రం నెమ్మదిగా వదలాలి. అలవాటు కొద్దీ గ్యాస్ ఇచ్చారా, నలుగురి ముందు ఇంజిన్ ఆగిపోవడమే. సౌకర్యం లెక్కన అది లోపం, సందేహం లేదు. ఆ లోపాన్ని లొంగదీసుకోవడమే కొందరికి సరదా.

ఫీల్ పేరుతో గొప్పలు పోయేవాళ్లు లేకపోలేదు. మాన్యువల్ కాకపోతే కారే కాదు, ఎలక్ట్రిక్ స్టీరింగ్ అంటే బొమ్మ కారు అనేవాళ్లు పట్టిక వాళ్ల కన్నా మెరుగేం కాదు. ఆల్పైన్ ఏ110లో మాన్యువల్ లేదు, స్టీరింగ్ ఎలక్ట్రిక్, మొదట వచ్చినప్పుడు 252 హార్స్‌పవర్ మాత్రమే. అయినా 1,100 కిలోల బరువుతో, మెత్తటి సస్పెన్షన్‌తో గతుకుల రోడ్డు మీద కూడా నవ్వించే కారు. మెక్‌లారెన్ ఎఫ్1ని రూపొందించిన గోర్డన్ మర్రే తన సొంతానికి ఒకటి కొనుక్కున్నాడు. ఆయన తర్వాత చేసిన టీ.50 అనే కారు బరువు వెయ్యి కిలోల లోపే. అందులో పవర్ స్టీరింగ్ సాయం పార్కింగ్ లాంటి తక్కువ వేగాల్లోనే, వేగం పెరిగాక చేతికీ టైరుకీ మధ్య ఎవరూ ఉండరు. ఆ కారు ల్యాప్ రికార్డుల కోసం చేయలేదని ఆయనే ముందే చెప్పాడు.

నూర్‌బర్గ్‌రింగ్ దగ్గరికి వస్తే, అక్కడ అన్నీ తేలిపోతాయన్న నమ్మకమే పెద్ద చిక్కు. పాత టైములు ఎక్కువగా 20.6 కిలోమీటర్లకి తీసినవి, ఇప్పటి అధికారిక కొలత 20.832. టైర్లు మారిపోయాయి, కొన్ని రికార్డులు ప్రత్యేక కిట్‌లు తగిలించి తీసినవి. 2013లో జీటీ-ఆర్ నిస్మో చేసిన 7 నిమిషాల 8 సెకన్లు అలాంటిదే. అంతకు ముందు 2008లో జీటీ-ఆర్‌కి నిస్సాన్ 7:29 అని ప్రకటిస్తే, తాము ఒక జీటీ-ఆర్ కొని నడిపితే 7:54 మాత్రమే వచ్చిందని పోర్షా వాళ్లు బహిరంగంగా గొడవపడ్డారు. తేడా ఏకంగా 25 సెకన్లు. డ్రైవరో, టైరో, ఆ రోజు ఎండో, ఏది కారణమైనా సరే, ఒకే మోడల్‌కి ఇంత తేడా వచ్చే చోట మూడు సెకన్ల తేడాతో విలువ నిర్ణయిస్తామంటే ఎలా?

పోనీ ల్యాప్ టైమే దేవుడనుకుందాం. 2025లో ఫోర్డ్ మస్టాంగ్ జీటీడీ అక్కడ 6:52 చేసింది, కార్వెట్ జెడ్ఆర్1ఎక్స్ 6:49 చేసింది. పట్టిక వాళ్లు రెండోదాన్ని చూపించి మురిసిపోతున్నారు, మురిసిపోవాల్సిందే. మొదటిదాని ధర మాత్రం ఎక్కడా రాయలేదు. అది 3 లక్షల డాలర్ల పైనే. మస్టాంగ్ లోగో కూడా గుర్రం బొమ్మే, కాకపోతే ఫెరారీది కాదు.