అడిగిన రోజున వెళ్లాలి

అక్టోబర్ మొదటి వారం దగ్గర పడుతోందంటే హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో సేవా కార్యక్రమాల హడావిడి కనిపిస్తుంది. 2009లో మొదలైన దాన్ ఉత్సవ్ అనే దాన వారోత్సవం ఏటా గాంధీ జయంతి నుంచి 8వ తేదీ దాకా జరుగుతుంది. ఉద్యోగులంతా కలిసి సేవకు వెళ్లే సేవాదినాన్ని ఆ వారంలోనే పెట్టుకునే కంపెనీలు మాదాపూర్, గచ్చిబౌలిల్లో ఉన్నాయి. రెండు బస్సులు, ఒకే రంగు టీషర్టులు, ఓ బ్యానర్, శివారులో ఓ పిల్లల హాస్టల్. తెలంగాణలో బతుకమ్మ, దసరా సెలవులు కూడా తరచూ ఆ రోజుల్లోనే పడతాయి. 2025లోనైతే దసరా సరిగ్గా అక్టోబర్ 2నే వచ్చింది. ఇల్లున్న పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు, వెళ్లడానికి ఎవరూ లేనివాళ్లే హాస్టల్‌లో మిగులుతారు. పండగ పూట ఆ కొద్దిమందిని వరుసలో నిలబెట్టి, వందమంది పెద్దవాళ్లు చుట్టూ చేరి పాటలు పాడించడం ఆ పిల్లలకు ఎంత కష్టంగా ఉంటుందో నిర్వాహకులకు తట్టడం లేదు. తేదీ ఖరారు చేసేముందు వార్డెన్‌కు ఒక్క ఫోన్ చేసి ఉంటే తెలిసేది.

సేవాదినాలు వద్దని మేము అనడం లేదు. ఏసీ గదుల్లో పనిచేసే యువతీయువకులు ఒక్క పూటైనా ఇంకొకరి కష్టం దగ్గరగా చూడటం మంచిదే. అలా ఒకసారి వెళ్లి, ఆ తర్వాత ఏళ్ల తరబడి వదలకుండా వెళ్తున్నవాళ్లూ ఉన్నారు. మా అభ్యంతరమల్లా ఏర్పాట్లు జరిగే వరుస మీద. ముందు తేదీ, తర్వాత ఎంతమంది, ఆ తర్వాత బస్సు, భోజనం, టీషర్టు సైజులు. అన్నీ అయ్యాక చివరగా స్వచ్ఛంద సంస్థకు కబురు వెళ్తుంది: ‘మావాళ్లు ఎనభై మంది శనివారం వస్తున్నారు, ఏదైనా పని చూపించండి.’

సంస్థ కాదనే స్థితిలో ఉండదు. కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 500 కోట్ల రూపాయల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఎన్నో చిన్న సంస్థలు ఆ డబ్బు మీదే నడుస్తున్నాయి. నిధులిచ్చే చేయి ‘వస్తాం’ అంటే ‘ఈసారి వద్దండీ’ అనే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే లేని పని పుట్టిస్తారు. పోయినేడు ఇంకో కంపెనీ వాళ్లు రంగు వేసిన గోడకే మళ్లీ రంగు వేయిస్తారు. ఉన్న ఆరుగురు సిబ్బందిలో నలుగురు రెండు రోజుల పాటు రోజూ చేసే పని మానుకుని బ్రష్షులు, నిచ్చెనలు, మంచినీళ్ల క్యాన్లు సమకూర్చాలి. రెండే బాత్‌రూమ్‌లున్న చోట ఎనభై మందికి ఏర్పాటు చూడాలి. బస్సులు వెళ్లిపోయాక గచ్చు మీద గడ్డకట్టిన రంగు చుక్కల్ని టర్పెంటైన్ గుడ్డతో రుద్ది తీసేది హాస్టల్ ఆయమ్మే. ఆమెకు ఆ రోజు అదనపు కూలీ ఎవరూ ఇవ్వరు.

ఈ ఖర్చు కంపెనీయే భరించాలి, అదీ ముందుగానే. కార్యక్రమానికయ్యే సామాను, సిబ్బంది సమయం, శుభ్రం చేయించే కూలీ లెక్కగట్టి ఇవ్వడం దయ కాదు, కనీస మర్యాద. ఉద్యోగులు చేసిన సేవకు వెల కట్టి ఆ 2 శాతంలో చూపుకోవడం కుదరదని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. అంటే సేవాదినం చట్టం కోసం చేసేది కాదు, కంపెనీ తన ఇష్టంతో చేసేది. మొక్కుబడిగా చేయాల్సిన అవసరమే లేదు.

ఫొటోల సంగతి మరీ బాధ కలిగిస్తోంది. పిల్లల సంరక్షణ కేంద్రంలో ఉన్న చిన్నారి ముఖం, పేరు, స్కూలు బయటపడేలా ప్రచురించడాన్ని 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తోంది. ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అయినా బిస్కెట్ ప్యాకెట్ పట్టుకున్న పాప ముఖం సాయంత్రానికల్లా సోషల్ మీడియాలో ఉంటుంది. పదేళ్ల తర్వాత ఆ పాప ఉద్యోగానికి వెళ్లినప్పుడు కూడా ఆ ఫొటో అక్కడే ఉంటుంది. నలుగురి ముందు తలెత్తుకు తిరగాల్సిన పిల్ల అది. పిల్లలున్న చోటికి కెమెరా తీసుకెళ్లకూడదని బస్సెక్కేముందే చెప్పాలి.

రక్తదాన శిబిరాల్లోనూ తేదీయే చిక్కు తెస్తోంది. వ్యవస్థాపక దినోత్సవం నాడు ఒకే కంపెనీలో మూడు వందల మంది వరుస కట్టారనుకుందాం. దాతల మంచి మనసును శంకించే పని లేదు. కానీ దానం చేసిన రక్తం నిల్వ ఉండేది మామూలుగా 35 రోజులు, వేరు చేసిన ఎర్ర కణాలైతే 42 రోజులు. ప్లేట్‌లెట్లకు ఐదు రోజులే గడువు. ఇచ్చిన మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగితే గానీ మళ్లీ ఇవ్వకూడదు. పుట్టుకతోనే రక్తం సరిగా తయారుకాని జబ్బు తలసేమియా తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, జీవితాంతం రక్తం ఎక్కించాలి. వాళ్లకు అక్టోబర్‌లో ఎంత అవసరమో ఏప్రిల్, మే నెలల్లోనూ అంతే అవసరం. కాలేజీలకు సెలవులిచ్చి శిబిరాలు తగ్గిపోయే ఆ ఎండాకాలంలోనే బ్లడ్ బ్యాంకుల వాళ్లు దాతల కోసం ఫోన్లు చేస్తూ కూర్చుంటారు. అదే మూడు వందల మంది నెలకు పాతికమంది చొప్పున, బ్లడ్ బ్యాంకు చెప్పిన వారంలో ఇస్తే ఏడాది పొడవునా ఆదుకున్నట్టవుతుంది. గ్రూప్ ఫొటో చిన్నదవుతుంది, అంతే.

మొక్కల విషయం ఇంతకంటే తేలిక. పర్యావరణ దినోత్సవమని జూన్ 5న, వానలు ఇంకా పట్టుకోకముందే నాటి వెళ్లిపోతే నీళ్లు పోసేదెవరో కూడా చెప్పి వెళ్లాలి. జులైలో నాటండి, రెండు ఎండాకాలాలు కాచుకోండి.

అసలు ఈ ఉద్యోగుల చేతుల్లో ఉన్నది బ్రష్షు కంటే విలువైన పని. దాతలకు ఆదాయపు పన్నులో మినహాయింపు దక్కేలా 80జీ గుర్తింపు ఉన్న సంస్థలు దాతల వివరాలను 10బీడీ ఫారంలో మే 31లోగా దాఖలు చేయాలన్న నిబంధన 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి వచ్చింది. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. దాతకు ధ్రువపత్రం కూడా అది దాఖలయ్యాకే. రసీదు పుస్తకాలు ముందేసుకుని, పాన్ నంబర్లు సరిచూసుకుంటూ ఓ చిన్న సంస్థ కార్యదర్శి పడే టెన్షన్‌ను కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఇద్దరు మూడు సాయంత్రాల్లో తీర్చగలరు. చూపులేని విద్యార్థుల కోసం తెలుగు పాఠాలు చదివి రికార్డు చేయడానికి మంచి గొంతు, ఓపిక చాలు. పదో తరగతి పిల్లలకు నవంబర్ నుంచి పరీక్షల దాకా ప్రతి శనివారం లెక్కలు చెప్పే ఒక్క ఇంజినీరు, ఒక్క పూట వచ్చి వెళ్లే ఎనభై మంది కంటే ఎక్కువ మేలు చేస్తాడు. అతనికి ఆ శనివారాలు ఆఫీసు పని పెట్టకుండా మేనేజర్ చూసుకోవాలి. కంపెనీ ఇవ్వాల్సిన అసలు సెలవు అదే.

ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం క్యాలెండర్ వేసుకునేటప్పుడు సేవాదినం గడిని హెచ్ఆర్ విభాగాలు ఖాళీగా వదిలిపెట్టాలి. నిధులకూ ఈ రాకకూ ముడి లేదని రాతపూర్వకంగా చెప్పి, ఆ గడి నింపే పని స్వచ్ఛంద సంస్థకు అప్పజెప్పాలి. వాళ్లు ఆగస్టు అంటే ఆగస్టులో వెళ్లాలి. పదిమందే చాలంటే పదిమందినే పంపాలి. ఈ ఏడాది మనుషులొద్దు, పాడైన బోరు మోటారు బాగు చేయించండి అంటే మెకానిక్‌ను పంపి, బిల్లు కట్టాలి.