నిద్ర లేపేదానికీ ఒక పద్ధతి ఉండాది

ఇన్‌స్టా తెరిస్తే చాలు, పొద్దన్నే ఐదుకి లెయ్యండి, చన్నీళ్లు పోసుకోండి, డైరీ రాయండి, అప్పుడే లైఫ్ సెట్ అవుతాది అని ఒకటే ఊదరగొడతాండారు. తిరుపతోళ్లకా మీరు చెప్పేది? మా ఊరే మూడుకి లేస్తాది. బస్టాండ్ కాడ టీ కొట్లు, అలిపిరికి పోయే జీపులు, లగేజీ నెత్తిన పెట్టుకోని పరిగెత్తే యాత్రికులు... తెల్లారుజామున లేచినంత మాత్రాన మనసు ప్రశాంతం అయ్యేటట్టుంటే లీలామహల్ సర్కిల్లో హారనే మోగకూడదు గదా.

టైం సంగతి పక్కన పెట్టండి, ఎట్ల లేస్తాండామో చూసుకోండి అంటాను నేను.

సుప్రభాతం మనకందరికీ నోటికొచ్చు. అందులో మొదటి శ్లోకం వాల్మీకి రామాయణం బాలకాండలోది, విశ్వామిత్రుడు రాముణ్ని నిద్రలేపే మాటలు. ఆ వరస చూడండి ఒకసారి. ముందు కౌసల్య బిడ్డా అని తల్లి పేరుతో పిలుస్తాడు, తర్వాత తెల్లవారతాందని చెప్తాడు, ఆ తర్వాతే లెయ్యమంటాడు, చెయ్యాల్సిన పని మాత్రం చిట్టచివర్న. (ధనుర్మాసంలో కొండమీద సుప్రభాతం బదులు తిరుప్పావై పాడతారు, అందులోనూ నిద్రలేపే పాటలే ఎక్కువ.) మరి మన ఇండ్లల్లో? "రేయ్ లెయ్, వ్యాన్ వచ్చేస్తాంది, హోంవర్క్ రాసినావా లేదా, మీ నాయనకి చెప్తా ఉండు" అని ఒకే గుక్కలో అనేసి దుప్పటి లాగేస్తాం. పాపం ఆ పిల్లోడు కండ్లు తెరవకముందే లేట్ అయిపోయినాడు.

పెద్దోళ్లకి ఆ పని ఫోన్ చేస్తాంది. అలారం ఆపే వంకతో చేతికి తీసుకుంటాం, ఆఫీసు గ్రూపు, బ్యాంకు మెసేజీ, ఎవురో ఎవుర్నో తిట్టే వీడియో, ఇంక కాలు కింద పెట్టకముందే ఆ పొద్దు మన చేతిలో లేదు.

యోగా చేస్తే అన్నీ సర్దుకుంటాయంటారు, కరెక్టే, కానీ చేసే తీరు చూడాలి. సూర్యనమస్కారంలో పన్నెండు భంగిమలు, యాడ పీల్చాలి యాడ వదలాలి అని లెక్కుంది, అది గాలికొదిలేసి బస్సు తప్పిపోతాదన్నట్టు వంగి లేచేవాళ్లనే చూస్తాండా నేను. యోగసూత్రాలు రాసిన పతంజలి ఆసనం గురించి నేరుగా చెప్పింది మూడంటే మూడు సూత్రాలు, మొదటి దాంట్లోనే స్థిరంగా, సుఖంగా ఉండమన్నాడు. ఊపిరి నిదానంగా వదిలితే గుండె వేగం తగ్గుతాదని డాక్టర్లూ చెప్తారు.

అసలు మన పూజలోనే ఉండాది ఇదంతా. ఆచమనం, ప్రాణాయామం, ఆ తర్వాతే సంకల్పం. ముందు ఊపిరి కుదుటపడాల, అప్పుడు యాడున్నాం, ఇయ్యాల ఏ రోజు, నేనెవురు, ఎందుకోసం చేస్తాండా అని చెప్పుకోవాల. మనమేమో ప్రాణాయామం అంటే ముక్కు అట్ల తాకి ఇట్ల తీసేస్తాం, అయ్యవారు గోత్రం అడిగేలోపల.

ఇంకో మాట. రేణిగుంట ఎయిర్‌పోర్టుకి రాత్రంతా క్యాబ్ తోలి నాలుక్కి పడుకున్నాయనకి, లాడ్జీల్లో నైట్ డ్యూటీ చేసే పిల్లోళ్లకి బ్రహ్మముహూర్తం క్లాసులు పీకొద్దండి దయచేసి. వాళ్లు పదకొండుకి లేస్తే అదే వాళ్లకి తెల్లారడం, లేచినాక ఓ పది నిమిషాలు వాళ్లని వదిలేస్తే చాలు.

మాకు టైం యాడుందబ్బా అంటారా, ఫిల్టర్లో వేన్నీళ్లు పోసినాక డికాషన్ దిగేదానికి ఎట్లాగూ టైం పడతాది. మా ఇంట్లో రూల్ ఏందంటే, అది దిగేదాకా ఫోన్ ముట్టకూడదు, ఊరికే కూర్చోని ఊపిరి చూసుకోవాల, ఇయ్యాల చెయ్యాల్సిన పని ఒక్కటి అనుకోవాల, ఒక్కటే. మా ఆయన బాత్రూంలో దాక్కోని చూస్తాడనుకోండి, ఫ్యామిలీ గ్రూపులో బ్లూ టిక్ పడతానే దొరికిపోతాడు, ఆ పొద్దు కాఫీ గ్లాసులు కడిగేది ఆయనే.