డార్జిలింగ్‌కు దక్కింది, నల్లమలకు దక్కనిది

గుంటూరు నుంచి నంద్యాల వెళ్ళే రైలు గిద్దలూరు దాటి దిగువమెట్ట చేరగానే నల్లమల అడవిలోకి ప్రవేశిస్తుంది. ఒకప్పుడు ఇదే దిశలో మీటర్ గేజి (పట్టాల మధ్య మీటరు దూరం ఉండే) బండ్లు దొరబావి వంతెన మీదుగా లోయ దాటి వెళ్ళేవి. 1990లలో గుంటూరు, గుంతకల్లుల మధ్య మరింత వెడల్పైన బ్రాడ్ గేజి వేసినప్పుడు పట్టాలు మరో దారి పట్టాయి. పాత వంతెన అడవిలో మిగిలిపోయింది. దాదాపు అదే కాలంలో హిమాలయాల్లో మరో పాత రైలు మార్గం ప్రపంచ గౌరవం అందుకుంది. 1999 డిసెంబరులో డార్జిలింగ్ కొండ రైలును యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ రెండు మార్గాలకూ పుట్టుకలో పోలిక ఉంది. గతి మాత్రం వేరైంది. ఎందుకు వేరైందో మన ప్రాంతంలో ఎవరూ పట్టించుకోకపోవడం నన్ను బాధిస్తోంది.

రెండింటి వెనుకా ఉన్నది తిండిగింజల సమస్యే. ధాత నామ సంవత్సరంలో మొదలై 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీడించిన కరువులో బళ్ళారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు అల్లాడిపోయాయి. కృష్ణా డెల్టాలో పండే ధాన్యాన్ని ఆ మెట్ట ప్రాంతాలకు చేర్చే దారి లేదు. 1880లో కరువు కమిషన్ రైలు మార్గాలు వేయాలని గట్టిగా చెప్పింది. ఆ తర్వాతే సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడింది, గుంతకల్లు నుంచి బెజవాడ దిశగా నల్లమలను చీల్చుకుంటూ మీటర్ గేజి లైను వచ్చింది. తక్కువ ఖర్చులో ఎక్కువ దూరం పట్టాలు పరచాలి కాబట్టి ఇరుకు గేజిని ఎంచుకున్నారు.

డార్జిలింగ్ కథ కూడా బియ్యంతోనే మొదలవుతుంది. సిలిగురిలో బియ్యం ధర ఎడ్లబండ్ల మీద కొండెక్కేసరికి రెట్టింపు దాటేది. ఈస్టర్న్ బెంగాల్ రైల్వే ఏజెంటు ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ ఈ తేడానే చూపి, అప్పటికే ఉన్న హిల్ కార్ట్ రోడ్డు పక్కనే చిన్న పట్టాలు వేస్తే ఖర్చు తగ్గుతుందని బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ ఆష్లీ ఈడెన్‌ను ఒప్పించాడు. 1879లో పని మొదలైంది. 1880లో రైలు కర్సియాంగ్ చేరింది, 1881 జులైలో డార్జిలింగ్ చేరింది. రెండేళ్ళలో పని పూర్తయిందంటే కారణం ఒక్కటే. కొత్తగా కొండను తవ్వే పని పెట్టుకోకుండా, ఉన్న రోడ్డునే ఆసరా చేసుకున్నారు. ఈ మార్గంలో ఒక్క సొరంగం కూడా లేదు.

పట్టాల మధ్య దూరం కేవలం రెండడుగులు. సుక్నా దాకా మైదానం. అక్కడి నుంచి సాల వృక్షాల అడవిలో ఎక్కుడు మొదలవుతుంది. రంగ్‌టంగ్, తిన్‌ధారియా, గయాబాడి, కర్సియాంగ్, సొనాదా దాటి ఘూమ్‌లో 2,258 మీటర్ల ఎత్తుకు చేరి, అక్కడి నుంచి బతాసియా మలుపు చుట్టుకుని డార్జిలింగ్‌కు దిగుతుంది. వాలు మరీ నిటారుగా ఉన్న చోట ఇంజనీర్లు రెండు ఉపాయాలు పన్నారు. ఒకటి, పట్టాలను గుండ్రంగా తిప్పి తమ మీద తామే దాటేలా చేయడం. రెండోది మరీ తెలివైనది. బండి ముందుకు వెళ్ళి పట్టా అంచున ఆగుతుంది. కాంటా (బండిని ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్ళించే ఏర్పాటు) మార్చగానే వెనక్కి నడుస్తూ పై అంచుకు ఎక్కుతుంది. అక్కడ మళ్ళీ కాంటా మార్చుకుని ముందుకు కదులుతుంది. మలుపు తిరిగే జాగా లేని కొండవాలు మీద ఎత్తు సంపాదించడానికి ఇంతకంటే చవకైన మార్గం నాకు తెలియదు.

ఈ దారికి తగ్గ ఇంజను 1889 నుంచి వచ్చిన బి క్లాసు. నాలుగే చక్రాలు, బాయిలరు మీదే నీళ్ళ తొట్టి. నీలగిరి రైలుకున్నట్టు, ఇంజను పళ్ళ చక్రం పట్టుకుని ఎక్కే పళ్ళ పట్టా ఇక్కడ లేదు. ఇనుప చక్రానికీ ఇనుప పట్టాకూ మధ్య ఉన్న పట్టు ఒక్కటే ఆధారం. పొగమంచుకు పట్టాలు తడిస్తే ఆ పట్టు కూడా పోతుంది. అందుకే ఇంజను ముందుభాగాన ఇద్దరు మనుషులు కూర్చుని, చక్రం జారుతున్న చప్పుడు వినగానే పట్టా మీద చేత్తో ఇసుక చల్లేవారు. బొగ్గు పగలగొట్టడానికి మరొక మనిషి. ఇంత చిన్న ఇంజనుకు డ్రైవరు, ఫైర్‌మన్ కాక ఇంతమంది కావాలి. తెలుసుకోవలసిన విద్యంతా ఆ ఇసుక చల్లే చేతిలో ఉంది. ఎంత చల్లాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఏ పుస్తకం చూసీ నేర్చుకోలేరు.

ఇక అసలు ప్రశ్న. ఈ రైలు ఎందుకు బతికింది? ఆవిరి ఇంజను అందం వల్ల, పర్యాటకుల మోజు వల్ల అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. డార్జిలింగ్ రైలు నడిపిన కంపెనీకే మరో రెండు శాఖలు ఉండేవి. తీస్తా లోయ లైను 1950 వరదల్లో కొట్టుకుపోతే మళ్ళీ కట్టలేదు. కిషన్‌గంజ్ లైనును, దేశ విభజన తర్వాత అస్సాంకు దారి కావలసి వచ్చినప్పుడు, మీటర్ గేజిగా మార్చేశారు. అవే రెండడుగుల పట్టాలు, అదే కంపెనీ. మార్చగలిగినదాన్ని మార్చారు, వదలగలిగినదాన్ని వదిలారు. ఘూమ్‌కు ఎక్కే దారిని మాత్రం పెద్ద గేజికి మార్చడం సాధ్యం కాలేదు. ఆ మలుపుల్లో పెద్ద పెట్టె తిరగదు. నీలగిరి, కాల్కా–సిమ్లా రైళ్ళు నిలవడంలోనూ ఈ కారణం ఉంది. వాటి గౌరవం తర్వాత వచ్చింది, బతకడం ముందు జరిగింది.

నల్లమలది ఇందుకు విరుద్ధమైన పరిస్థితి. అక్కడ దారి మార్చడం సాధ్యమే, అవసరం కూడా. గేజి మారే చోటల్లా సరుకు ఒక బండి నుంచి మరో బండికి ఎక్కించుకుంటూ గుంటూరు మిర్చి, పల్నాడు సిమెంటు దూరప్రాంతాలకు వెళ్ళలేవు. గేజి మార్పు సరైన నిర్ణయమే. తప్పు జరిగింది మరో చోట. కొత్త దారి తెరిచిన రోజున పాత దారి సంగతి ఏమిటన్న నిర్ణయం ఎవరూ తీసుకోలేదు. పాతవన్నీ వాటంతటవే ఉంటాయిలే అన్న ధోరణి మనది. డార్జిలింగ్‌కు ప్రకృతి ఇచ్చిన రక్షణ దొరబావికి లేదు. అందువల్ల ఇక్కడ మనుషులే నిర్ణయించి కాపాడుకోవాలి.

కాపాడడమంటే పాత ఇంజనుకు రంగు వేసి ఆఫీసు ముందు దిమ్మె మీద నిలబెట్టడం అని మన దగ్గర స్థిరపడిపోయింది. దాన్ని నేను తృణీకరించను, పిల్లలు చూసి సంతోషిస్తారు. కానీ దిమ్మె మీది ఇంజనును చూస్తే అది ఏ వాలు ఎక్కిందో, ఎంత బరువు లాగిందో తెలియదు. యునెస్కో గుర్తించింది ఇంజనును కాదు. కొండను ఎలా ఎక్కాలన్న సమస్యకు ఆ మార్గమంతా కలిసి ఇచ్చిన సమాధానాన్ని గుర్తించింది. తిన్‌ధారియా వర్క్‌షాపులో పాత ఇంజన్లకు మరమ్మతులు సాగుతూ ఉంటేనే ఆ సమాధానానికి ప్రాణం. 2010లో కొండచరియలు విరిగిపడి మార్గం తెగిపోయాక మొత్తం లైను మళ్ళీ కలవడానికి అయిదేళ్ళు పట్టింది. వారసత్వ హోదా ఉన్నా అంత కష్టపడ్డారు. హోదా లేని మన వంతెన సంగతి ఊహించుకోవచ్చు.

దొరబావి మీద మళ్ళీ పర్యాటక రైలు నడపాలని ఎవరైనా అంటే నేను వ్యతిరేకిస్తాను. అది పులులు తిరిగే అడవి. రాత్రింబవళ్ళు జనం వెళ్ళే చోటు కాకూడదు. రైల్వే, అటవీ, పురావస్తు శాఖలు కలిసి చేయగలిగిన పని వేరే ఉంది. గుంటూరు–గుంతకల్లు రెండో లైను పనులు సాగుతున్న కాలమిది. సర్వే బృందాలు, యంత్రాలు ఆ దారిలోనే ఉన్నాయి. పాత కట్ట, పాత మోరీలు, వంతెన ఎక్కడెక్కడ ఏ స్థితిలో ఉన్నాయో కొలిచి పటం గీయించడానికి వేరే యాత్ర అక్కర్లేదు. వంతెనకు రక్షిత కట్టడం హోదా ఇవ్వాలి. మీటర్ గేజి కాలపు నక్షాలు ఏ గదిలో ఉన్నా బయటకు తీసి స్కాన్ చేయించి, విజయవాడలోనో గుంటూరులోనో అందరికీ అందుబాటులో పెట్టాలి. ఆ లైను మీద బండ్లు నడిపినవారు, పట్టాలు బాగుచేసే గ్యాంగుల్లో పనిచేసినవారు గుంటూరు, నంద్యాల, గుంతకల్లులలో విశ్రాంత జీవితం గడుపుతున్నారు. వారిలో చాలామంది వయసు పైబడినవారు. ఈ పనుల్లో మొదట చేయవలసింది వారి దగ్గరికి వెళ్ళడం.