భద్రత అనేవారు లెక్క చూపాలి

బడా టెక్నాలజీ కంపెనీలకు పోటీ చట్టం మింగుడుపడదు. ఆ సంగతి పైకి చెప్పుకోలేవు కనుక 'వాడుకరి భద్రత' అంటాయి. 2024 మార్చిలో కేంద్రం బయటపెట్టిన డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదాలోనూ ఈ వాదనకు చోటు దొరికింది. దేశంలో 4,000 కోట్ల రూపాయల టర్నోవరు, కోటి మంది వాడుకరులు వంటి హద్దులు దాటిన సంస్థలకు ప్రత్యేక బాధ్యతలు పెట్టిన ఆ ముసాయిదా, వాటి అమలు నియమాలు రాసేటప్పుడు సైబర్ భద్రతను, మోసాల నివారణను, మేధోసంపత్తి హక్కులను లెక్కలోకి తీసుకోవచ్చంది. అది ఇంకా చట్టం కాలేదు. అయ్యేలోగా ఒక నియమం అందులోకి ఎక్కాలని మేం కోరుతున్నాం. భద్రత కోసమే పోటీదారులకు దారి మూశామనే సంస్థ ఏ ప్రమాదాన్ని ఎలా ఆపుతోందో సాంకేతికంగా చూపాలి. ఆ దారి తన సొంత ఉత్పత్తికీ మూసిందని రుజువు చేయాలి. ఈ రెండూ చేయలేకపోతే అది భద్రత కాదు, బేరం.

కంప్యూటర్లకు సైబర్ రక్షణ సాఫ్ట్‌వేర్ అమ్మే క్రౌడ్‌స్ట్రైక్ ఉదంతాన్నే తీసుకుందాం. 2024 జులై 19న మన కాలమానం ప్రకారం ఉదయం 9.39కి ఆ సంస్థ తన ఫాల్కన్ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న కంటెంట్ ఫైలు పంపింది. 10.57కి ఉపసంహరించుకుంది. మధ్యలో గడిచింది 78 నిమిషాలే. సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో అది ఒక శాతం లోపే. అయినా మన విమానాశ్రయాల్లో సిబ్బంది బోర్డింగ్ పాసులు చేత్తో రాసివ్వాల్సి వచ్చింది.

తప్పు చాలా చిన్నది. ఫాల్కన్ ప్రోగ్రాం 20 విలువలు అందిస్తుంటే కొత్త ఫైలు 21వ విలువను పోల్చి చూడమంది. లేనిదాని కోసం ప్రోగ్రాం మెమరీ హద్దు దాటి చదివింది. అంతకుముందు పంపిన ఫైళ్లలో 21వ గడిలో 'ఏదైనా సరే' అనే గుర్తు ఉండేది కాబట్టి ఆ గడిని చదివే అవసరమే రాలేదు. పరీక్షల్లో లోపం బయటపడకపోవడానికి అదే కారణం. ఫైలును తనిఖీ చేసే సాధనంలోనూ లోపముంది. పైగా ఇలాంటి కంటెంట్ ఫైళ్లను ముందు కొద్ది యంత్రాలకు పంపి, గమనించి, ఆ తర్వాత మిగతావాటికి పంపే పద్ధతే అప్పట్లో లేదు. అందరికీ ఒకేసారి వెళ్లింది.

ఇదే తప్పు మామూలు యాప్ చేసి ఉంటే ఆ యాప్ ఒక్కటే మూతపడేది. ఫాల్కన్ డ్రైవర్ కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున నడుస్తుంది కనుక కంప్యూటరే కూలింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే ఫైలు చదివి మళ్లీ కూలింది. చాలా యంత్రాలకు దిద్దుబాటు ఇంటర్నెట్ ద్వారా చేరే వీలు లేకపోయింది. మనిషి వెళ్లి యంత్రం ముందు కూర్చుని, సేఫ్ మోడ్‌లోకి దిగి, డ్రైవర్ల ఫోల్డర్ లోపలి క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్ తెరిచి, 'సి-00000291'తో మొదలయ్యే ఫైలును తొలగించి రీబూట్ చేయాలి. డిస్కుకు బిట్‌లాకర్ రక్షణ ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీలు దాచిన సర్వరు కూడా అదే దెబ్బకు పడిపోతే? కీల ప్రతి ఒకటి నెట్‌వర్కుకు బయట ఉంచుకుంటే త్వరగా తేరుకోవచ్చు. చెన్నై ఐటీ రహదారి ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పొడవునా ఉన్న ఆఫీసుల్లో ఎన్నింటికి ఈ ఏర్పాటు ఉందో ఐటీ విభాగాలు ఈ వారమే చూసుకోవడం మంచిది.

అసలు పేచీ ఆ తర్వాత మొదలైంది. భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థలకు తనతో సమానంగా లోపలి అనుమతి ఇస్తానని 2009లో ఐరోపా కమిషన్‌కు మాట ఇచ్చినందువల్లే కెర్నల్‌ను మూయలేకపోయామని మైక్రోసాఫ్ట్ ప్రతినిధి అన్నారు. పోటీ నియంత్రణ వల్లే ప్రపంచం ఆగిపోయిందన్న ప్రచారం దాంతో ఊపందుకుంది. ఆ హామీలో ఉన్నది సమానత్వం మాత్రమే. అందరినీ కెర్నల్‌లోకి రానివ్వాలని దానర్థం కాదు. తన సొంత భద్రతా సాఫ్ట్‌వేర్ డిఫెండర్‌ను కూడా కెర్నల్ బయటకు తెచ్చి, అందరికీ ఒకే బయటి ఇంటర్‌ఫేస్ ఇచ్చి ఉంటే హామీకి భంగం కలిగేది కాదు. ఆపిల్ 2019లో మ్యాక్ కంప్యూటర్లలో ఆ మార్పు మొదలుపెట్టింది. భద్రతా ఉత్పత్తులకు కెర్నల్ బయట నడిచే ప్రత్యేక ఇంటర్‌ఫేస్ ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ కూడా 2024 నవంబరులో అదే బాట పడతామని ప్రకటించి, 2025లో ఎంపిక చేసిన భాగస్వాములకు ప్రయోగాత్మకంగా అందించింది. అంటే ఇది ముందే చేయగలిగిన పని. 15 ఏళ్లు ఆగింది ఇంజినీరింగ్ చేతకాక కాదు.

ఈ గీటురాయినే ప్లే స్టోర్ మీద పెట్టి చూడండి. బిల్లింగ్ తమ వ్యవస్థ ద్వారానే జరగాలనడానికి గూగుల్ చెప్పే కారణాల్లో చెల్లింపుల భద్రత ఒకటి. 2022 అక్టోబరులో పోటీ కమిషన్ ఈ వ్యవహారంలో 936.44 కోట్ల జరిమానా వేశాక, ఇతర బిల్లింగ్‌నూ అనుమతించారు. అప్పుడు కమీషన్ ఎంత తగ్గింది? 15 శాతం చెల్లించేవారికి 11, 30 శాతం చెల్లించేవారికి 26. నాలుగే పాయింట్లు. చెల్లింపును మరొకరు నడిపి, దాని రిస్కు మరొకరు మోస్తుంటే కూడా మిగతా 11, 26 శాతం దేనికి? అది అంగడి అద్దె. అద్దె అడగడం నేరం కాదు, దానికి భద్రత అని పేరు పెట్టడమే అభ్యంతరం. ఈ అద్దె తగాదాలోనే 2024 మార్చి 1న చెన్నై సంస్థ మ్యాట్రిమోనీ డాట్ కామ్ యాప్‌లు ప్లే స్టోర్ నుంచి మాయమయ్యాయి. మద్రాసు హైకోర్టులో స్టార్టప్‌లకు ఊరట దొరకలేదు. చివరికి కేంద్ర ప్రభుత్వం కలగజేసుకున్నాకే యాప్‌లు కొద్ది రోజుల్లో తిరిగొచ్చాయి. మంత్రి ఫోను ఎత్తితే తప్ప సాగని వ్యాపారం ఎన్నాళ్లు నిలుస్తుంది? జరిమానాను 2025 మార్చిలో అప్పీలేట్ ట్రైబ్యునల్ 216.69 కోట్లకు తగ్గించింది.

స్టోరు బయటి నుంచి వేసుకునే యాప్‌లలో మోసపు సరుకు ఉంటుందన్నది నిజమే. పెళ్లి పత్రిక అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (స్టోరుతో పనిలేకుండా యాప్‌ను వేసే ఫైలు) నొక్కి ఖాతా ఖాళీ చేసుకున్నవారు మన మధ్యే ఉన్నారు. అక్కడ హెచ్చరిక ఉండాలి, ఎస్సెమ్మెస్ చదివే అనుమతిని బిగించాలి. ఆ రెండూ పనికొచ్చే కట్టడులే. పేరున్న మరో యాప్ స్టోరుకు కూడా అదే హెచ్చరిక తెర చూపడం మాత్రం కట్టడి కాదు.

పోటీ లేకపోవడమే భద్రతకు చేటయ్యే తీరును 2024 జులై 31న చూశాం. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళమేసి డబ్బు గుంజే) దాడి కారణంగా, చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్‌ను జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ తన చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరుచేస్తే, దానిమీద ఆధారపడ్డ సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ, ఏటీఎం ఆగిపోయాయి. సహకార, గ్రామీణ బ్యాంకులన్నీ ఒకే సరఫరాదారు మీద కూర్చుంటే ఇదే గతి. బెంగళూరు సంస్థ క్లౌడ్‌సెక్ విశ్లేషణ ప్రకారం దాడి మొదలైంది ఆ వ్యవస్థకు సేవలందించే మరో సంస్థలో, సరిగా అమర్చని జెన్‌కిన్స్ (కోడ్‌ను ప్రోగ్రాంగా కూర్చే సాధనం) సర్వరు దగ్గర. కమాండ్ లైన్ ద్వారా సర్వరులోని ఫైళ్లు చదివించే ఆ లోపానికి 2024 జనవరి 24నే దిద్దుబాటు వచ్చింది: జెన్‌కిన్స్ వెర్షన్ 2.442, దీర్ఘకాలిక శ్రేణిలో 2.426.3. వెంటనే అప్‌గ్రేడ్ చేయలేనివారు కమాండ్ లైన్ సదుపాయాన్ని ఆపేసినా సరిపోయేది.

చెన్నైలో పాతిక మందితో నడిచే సాఫ్ట్‌వేర్ సంస్థలు ఇక్కడ నేర్చుకోవాల్సింది ఖరీదైన ఉత్పత్తులు కొనడం కాదు. జెన్‌కిన్స్ లాంటి బిల్డ్ సర్వర్లను ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచకూడదు. వాటిలో దాచిన పాస్‌వర్డులు, టోకెన్లు పోయాయనే అనుకుని దిద్దుబాటు తర్వాత అన్నీ మార్చాలి. ప్యాచ్ వేసి పాత కీలు అలాగే వదిలేయడమే ఎక్కువచోట్ల జరిగే తప్పు. బ్యాకప్ మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి నెట్‌వర్కుకు బయట. తిరిగి తెచ్చి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనలేం. వాడే ప్రతి లైబ్రరీ పేరు, వెర్షన్ ఒక జాబితాగా ఉంటే 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీలో బయటపడిన లోపం లాంటి ముప్పు వచ్చినప్పుడు వెతుకులాట రోజుల్లో కాక నిమిషాల్లో ముగుస్తుంది. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం దాడిని గుర్తించిన 6 గంటల్లో సమాచారం ఇవ్వాలి, సర్వర్ల గడియారాలు జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో కలవాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే అప్పటికి లాగ్‌లూ చెరిగిపోయి ఉంటాయి. రాన్సమ్‌వేర్ ముఠాలు లోపల చేరి నెలల తరబడి కాచుకు కూర్చోగలవు. డిస్కు చవకైన ఈ రోజుల్లో ఏడాది ఉంచుకోవడం మేలు.

6 గంటల గడువు దాడికి గురైన సంస్థ మీద ఉంది సరే, లోపాన్ని ముందే కనిపెట్టి చెప్పే కుర్రవాడికి చట్టం ఇస్తున్నదేమిటి? కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ఒక ప్రోగ్రాం పనితీరును పరిశీలించడానికి, మరో ప్రోగ్రాంతో పనిచేయించడానికి కావలసిన సమాచారం రాబట్టడానికి వీలిస్తుంది. ఐటీ చట్టం సెక్షన్ 43 మాత్రం యజమాని అనుమతి లేని ప్రవేశాన్ని సద్బుద్ధి, దుర్బుద్ధి అన్న తేడా చూడకుండా నష్టపరిహారానికి లాగుతుంది. దురుద్దేశం ఉందని ఫిర్యాదు చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల జైలు దాకా వెళ్తుంది. సెర్ట్-ఇన్ లోపాల సమాచారం స్వీకరిస్తుంది కానీ తెచ్చినవారికి చట్టపరమైన రక్షణ హామీ లేదు. అమెరికా న్యాయశాఖ 2022 మేలో, సదుద్దేశంతో చేసే భద్రతా పరిశోధనపై కేసులు పెట్టబోమని విధానం ప్రకటించింది. మన దగ్గర విధానం చాలదు, సెక్షన్ 43లోనే మినహాయింపు రాయాలి: డేటా కాపీ చేసుకోకుండా, సేవకు అంతరాయం కలిగించకుండా, సంస్థకూ సెర్ట్-ఇన్‌కూ తెలియజేసి 90 రోజులు ఆగినవారిపై చర్య ఉండరాదు.

ఇక పేటెంట్లు. అక్కడా భద్రతకు, పోటీకి ఒకే లంకె. ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్‌పై అమెరికాలో 1983లో వచ్చిన పేటెంట్ 2000 సెప్టెంబరు దాకా ఆ దేశపు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (కోడ్ అందరికీ తెరిచి ఉండేది) చేతులు కట్టేసింది. దరఖాస్తుకు ముందే పద్ధతి ప్రచురితం కావడంతో మిగతా దేశాలు తప్పించుకున్నాయి. ఓసీబీ అనే ఎన్‌క్రిప్షన్ విధానం వేగంలో మేలైనదే, అయినా పేటెంట్లకు జంకి ప్రమాణాలు జీసీఎం అనే మరో విధానం వైపు మళ్లాయి; రూపకర్త ఫిలిప్ రాగవే 2021లో హక్కులు వదులుకునే సరికి బండి వెళ్లిపోయింది. క్వాంటం కంప్యూటర్లకు లొంగని కైబర్ విధానాన్ని 2022లో ఎంపిక చేశాక కూడా, అమెరికా ప్రమాణాల సంస్థ పేటెంట్ హక్కుదారులతో లైసెన్సు ఒప్పందాలు కుదుర్చుకోవాల్సి వచ్చింది. ప్రమాణం 2024 ఆగస్టులో వెలువడింది.

మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) 'కంప్యూటర్ ప్రోగ్రాం తనంత తానుగా', అల్గారిథం, గణిత పద్ధతి పేటెంటుకు తగవంటుంది. 2004 చివర ఆర్డినెన్సుతో దీన్ని సడలించబోతే 2005లో పార్లమెంటు ఒప్పుకోలేదు. చట్టసభ కాదన్నది పేటెంట్ కార్యాలయపు మార్గదర్శకాల రూపంలో తిరిగొస్తోంది. 2015 ఆగస్టులో ఇచ్చిన వాటిని స్టార్టప్‌లు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘాలు వ్యతిరేకిస్తే డిసెంబరులో నిలిపివేశారు. 2016 ఫిబ్రవరిలో కొత్త హార్డ్‌వేర్ ఉంటేనే అన్నారు. 2017 జూన్‌లో ఆ షరతు ఎత్తేశారు. 2019లో ఢిల్లీ హైకోర్టు 'సాంకేతిక ప్రభావం' ఉందో లేదో చూడమంది. 2025లో మళ్లీ సవరించారు. దశాబ్దంలో ఇన్ని మలుపులు తిరిగిన దారిలో చిన్న సంస్థ ఏది నమ్మి కోడ్ రాయాలి? హార్డ్‌వేర్ షరతు కఠినమే, కానీ కొలవగలిగినది. దాన్ని మళ్లీ తేవాలన్నది మా అభిప్రాయం.

దక్షిణాది రాష్ట్రాల దరఖాస్తులన్నీ చెన్నై గిండీలోని పేటెంట్ కార్యాలయానికే వస్తాయి. మేధోసంపత్తి అప్పీళ్ల బోర్డు 2021లో రద్దయ్యాక ఇక్కడి వివాదాలు మద్రాసు హైకోర్టు మేధోసంపత్తి విభాగానికి వెళ్తున్నాయి. అంతదాకా పోకుండా అడ్డుకునే వీలూ ఉంది. దరఖాస్తు మామూలుగా 18 నెలలకు ప్రచురితమవుతుంది. ప్రతి శుక్రవారం వెలువడే పేటెంట్ జర్నల్‌లో దాన్ని ఎవరైనా చూడొచ్చు. ప్రచురణ తర్వాత ఆరు నెలలు గడిచేదాకా పేటెంట్ ఇవ్వకూడదు. ఇచ్చేలోగా సెక్షన్ 25(1) కింద ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయొచ్చు. అదే పద్ధతి అంతకుముందే ఉందని తేదీతో చూపాలి: పాత విడుదల నోట్సు, బహిరంగ కోడ్ రిపాజిటరీలో కమిట్ (మార్పుల) చరిత్ర, మాన్యువల్ పుటలు, సదస్సు పత్రాలు. పేటెంట్ కోరిన క్లెయిములో ఒక్కో అంశం ఎదురుగా ఆ ఆధారం ఏ పుటలో ఉందో పట్టికగా రాయాలి. 'ఇది పాతదే' అని రాసి ఊరుకున్న అభ్యంతరాలు నిలవవు. 2024 మార్చి సవరణలతో ఈ అభ్యంతరాలకు రుసుము పెట్టారు, విచారణకు స్వీకరించాలో లేదో కంట్రోలర్ ముందే తేల్చే మెట్టూ చేర్చారు. వేల కోట్ల కంపెనీ దరఖాస్తును సొంత ఖర్చుతో ప్రశ్నించే ఇంజినీరు నుంచి, ప్రొఫెసర్ నుంచి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘం నుంచి ఆ రుసుము వసూలు చేయడం ఆపాలి.